వేయిమందికి ఎందరు?

ప్రతి వేయిమంది పురుషులకు ఎంతమంది స్త్రీలున్నారో తెలిపే సంఖ్యను భారతదేశంలో స్త్రీ పురుష నిష్పత్తి అని వ్యవహరిస్తారు. అనేక దేశాలు దీనినే తలక్రిందులు చేసి, నూరుగురు స్త్రీలకు ఎందరు పురుషులని లెక్కిస్తాయి. లెక్కించే పద్ధతి ఏదైనా అడిగే ప్రశ్న ఒక్కటే. ఒక ప్రాంతంలో ఆడవారు, మగవారు సరిసమానంగా ఉన్నారా? లేకుంటే ఎవరు తక్కువైనారు, ఎందువల్ల తక్కువైనారు?

2011 జనగణన ప్రకారం భారతదేశంలో పురుషులు 62 కోట్ల 32 లక్షలు. స్త్రీలు 58 కోట్ల 75 లక్షలు. నిష్పత్తి 943. ఇది దేశం మొత్తానికి సగటు మాత్రమే. రాష్ట్రాలవారీగా చూస్తే కేరళలో ఇది 1084, హర్యానాలో 879. జిల్లాల స్థాయికి దిగితే అంతరం ఇంకా పెరుగుతుంది. మలబారు తీరాన పుదుచ్చేరికి చెందిన చిన్న ప్రాంతమైన మాహేలో 1184 ఉండగా, గుజరాత్‌లోని సూరత్ జిల్లాలో 787 మాత్రమే. ఒకే దేశంలో, ఒకే సంవత్సరంలో, ఒకే పద్ధతిలో తీసిన లెక్కలలో ఇంతటి తేడా ఎందుకు వచ్చినదన్న ప్రశ్నకు ఒక్క సమాధానం లేదు. ఒక్క సమాధానంతో సరిపెట్టుకోవడమే ఈ విషయంలో తరచుగా జరిగే పొరపాటు.

ముందుగా ప్రకృతి ధర్మాన్ని తెలుసుకోవడం అవసరం. మానవుల జోక్యం లేనిచోట ప్రతి నూరుగురు ఆడశిశువులకు సుమారు 105 మంది మగశిశువులు జన్మిస్తారు. భారతీయ పద్ధతిలో చెప్పాలంటే వేయిమంది బాలురకు దాదాపు 950 మంది బాలికలు. పుట్టుకలో మగవారు కొంత ఎక్కువైనా, శైశవంలో వ్యాధులను తట్టుకొనే శక్తి ఆడశిశువులకే అధికం. అందువల్ల వయస్సు పెరిగేకొద్దీ అంతరం తగ్గుతుంది. వృద్ధాప్యానికి వచ్చేసరికి స్త్రీలే ఎక్కువగా మిగులుతారు. ఆహారం, వైద్యం ఇద్దరికీ సమానంగా అందే సమాజంలో మొత్తం జనాభాలో స్త్రీల సంఖ్య పురుషుల సంఖ్యతో సమానంగానో, దానికంటె కొంచెం ఎక్కువగానో ఉండడం సహజం. ఈ సహజస్థితి నుంచి ఒక ప్రాంతపు అంకె పైకి జరిగినా, క్రిందికి జరిగినా అందుకు కారణం మనుషుల జీవితాలలోనే ఉంటుంది.

ఆ కారణాలలో మొదటిది వలస. సూరత్‌లో స్త్రీలు తక్కువగా కనిపించడానికి ముఖ్యకారణం అక్కడి మరమగ్గాలు, వజ్రాలను సానపట్టే కర్మాగారాలు. ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, బీహార్ నుంచి లక్షలాది పురుషులు ఒంటరిగా వచ్చి ఆ కార్ఖానాలలో పనిచేస్తున్నారు. వారి భార్యలు, తల్లులు స్వగ్రామాలలోనే ఉంటారు. ఆ ఇళ్లలో మగవారు కనిపించరు. మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లాలో 2011 నాటి నిష్పత్తి 1122. అక్కడి మగవారు తరతరాలుగా ముంబయికి పనులకు పోతున్నారు. ఉత్తరాఖండ్ కొండలలోని అల్మోడాలో 1139. అక్కడి యువకులు సైన్యంలోనో, మైదాన ప్రాంతపు నగరాలలోనో ఉద్యోగాలు చేస్తారు. రత్నగిరిలో స్త్రీల సంఖ్య అధికమని అక్కడ స్త్రీల స్థితి ఉన్నతమైనదని భావించడం ఎంత పొరపాటో, సూరత్ అంకెను చూసి అక్కడ ఆడశిశువులందరినీ హతమారుస్తున్నారనుకోవడం కూడ అంతే పొరపాటు.

తెలుగునేలపై దీనికి చక్కని ఉదాహరణ నిజామాబాదు. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని జిల్లాలన్నింటిలో అత్యధిక నిష్పత్తి అక్కడే నమోదయింది. అది 1040. పురుషులు దుబాయి, మస్కట్, సౌదీ అరేబియాలకు పోగా, ఇంటి వద్ద ఉన్న స్త్రీలు బీడీలు చుట్టి సంసారాన్ని నడుపుకొచ్చిన జిల్లా అది. ఆ ఊళ్లలో లేని మగవారు గల్ఫ్ దేశాల లెక్కలలో కనిపిస్తారు. ఖతార్ జనాభాలో దాదాపు ముప్పాతికవంతు పురుషులే కావడానికి కారణం భారతదేశం, నేపాల్, బంగ్లాదేశ్ వంటి దేశాల నుంచి పోయిన శ్రామికులు. అయితే వలసలన్నీ ఒకే తీరుగా ఉండవు. పాలమూరు కూలీలు భార్యాభర్తలు కలిసి మట్టిపనులకు పోవడం ఆనవాయితీ. అటువంటి వలస ఊరిని ఖాళీ చేస్తుంది గాని నిష్పత్తిని అంతగా మార్చదు. కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనులకై కువైట్ వెళ్లినవారిలో స్త్రీలే అధికం. వలస ఉన్నదా లేదా అన్నదానికంటె, ఎవరు వెళ్లినారు, ఎవరు మిగిలినారు అన్నదే ఇక్కడ ముఖ్యం.

యుద్ధాలు కూడ ఇటువంటి మార్పును తెస్తాయి. రెండవ ప్రపంచయుద్ధంలో కోట్లమందిని కోల్పోయిన రష్యాలో 2010 నాటికి కూడ వేయిమంది పురుషులకు 1163 మంది స్త్రీలున్నారు. యుద్ధం ముగిసి అరవై ఏళ్లు దాటిన తరువాత ఆ అంతరానికి యుద్ధంతోపాటు మద్యపానం, గుండెజబ్బులు, ప్రమాదాల వల్ల పురుషులు నడివయస్సులోనే మరణించడం కూడ కారణమైనది.

రెండవ కారణం బ్రతుకులోని వ్యత్యాసం. 1901లో భారతదేశపు నిష్పత్తి 972. అప్పటి నుంచి అది ఒకటి రెండు దశాబ్దాలు మినహా తగ్గుతూనే వచ్చి 1991 నాటికి 927కు చేరింది. శాస్త్రవిజ్ఞానం అభివృద్ధి చెంది, మశూచి, కలరా వంటి మహమ్మారులు తగ్గి, సగటు ఆయుర్దాయం పెరిగిన శతాబ్దంలో స్త్రీల వాటా తగ్గడం విచిత్రంగా తోచవచ్చు. వైద్యఫలాలు ముందుగా పురుషులకే అందడం దీనికి ఒక కారణం. ఇంటిల్లిపాది తిన్న తరువాత మిగిలినది తినే ఇల్లాలు, జ్వరం వస్తే కొడుకును ఆసుపత్రికి తీసుకొనిపోయి కూతురికి కషాయంతో సరిపెట్టే తల్లిదండ్రులు, కాన్పులోనే కన్నుమూసే బాలింతలు ఈ అంకెల వెనుక ఉన్నారు. ప్రకృతి స్త్రీకి ఎక్కువ ఆయువునిచ్చినా, భారతదేశంలో 1970ల దశాబ్దం చివరి వరకు ఆడవారి సగటు ఆయుర్దాయం మగవారి ఆయుర్దాయంకంటె తక్కువగానే ఉండేది. ఆర్థికశాస్త్రవేత్త అమర్త్య సేన్ 1990లో ఒక వ్యాసం వ్రాసి, ఆసియా, ఉత్తర ఆఫ్రికా దేశాలలో సమానమైన పోషణ, వైద్యం లభించి ఉంటే జీవించి ఉండవలసిన స్త్రీలు పదికోట్లకు పైగా లేకుండా పోయినారని లెక్కకట్టినాడు. ‘కనిపించకుండా పోయిన స్త్రీలు’ అన్న మాట ప్రపంచానికి పరిచయమైనది ఆ వ్యాసంతోనే.

కేరళ దీనికి భిన్నంగా నిలిచింది. 1901లోనే అక్కడి నిష్పత్తి వేయికి పైగా ఉన్నది. కొన్ని వర్గాలలో ఆస్తి తల్లి నుంచి కుమార్తెకు సంక్రమించే మాతృవంశ సంప్రదాయం ఉండడం, స్త్రీవిద్య ముందుగా వ్యాపించడం, గ్రామగ్రామాన ప్రసూతివైద్యం అందడం అందుకు దోహదం చేశాయి. తరువాతి కాలంలో పురుషుల గల్ఫ్ వలస కూడ తోడైనది. అయితే 2011లో కేరళలో ఆరేళ్లలోపు బాలల నిష్పత్తి 964. అంటే అక్కడ ఆడశిశువులు ఎక్కువగా పుట్టడం లేదు, పుట్టినవారు బ్రతుకుతున్నారు.

ఉత్తర, దక్షిణ భారతాల మధ్య కనిపించే తేడాను వివరించడానికి పండితులు అనేక విధాల ప్రయత్నించారు. 1974లో ప్రణబ్ బర్ధన్ అనే ఆర్థికవేత్త పంటల తీరును చూపినాడు. వరి పండే ప్రాంతాలలో నాట్లు వేయడం, కలుపు తీయడం స్త్రీల పని. గోధుమలు పండే పంజాబు, హర్యానా మైదానాలలో పొలంలో స్త్రీల శ్రమకు అంతటి స్థానం లేదు. సంపాదించే చేతిని నిర్లక్ష్యం చేయడం ఏ కుటుంబానికీ సులభం కాదన్నది ఆయన వాదంలోని సారం. 1983లో టిమ్ డైసన్, మిక్ మూర్ అనే ఇద్దరు పరిశోధకులు బంధుత్వ విధానాల వైపు దృష్టి మరల్చినారు. ఉత్తరాదిన స్వగోత్రంలోనే గాక స్వగ్రామంలో కూడ వివాహం నిషిద్ధం. పెళ్లయిన పిల్ల పరిచయం లేని దూరపు ఊరికి పోతుంది, పుట్టింటితో ఆమె సంబంధం సన్నగిల్లుతుంది. దక్షిణాదిన మేనరికం ఉన్నది. మేనత్త అత్తగా, మేనమామ మామగా ఉన్న ఇంటికి వెళ్లిన కోడలు పరాయిది కాదు. పండుగకు, కాన్పుకు, కష్టానికి పుట్టిల్లు అందుబాటులోనే ఉంటుంది. మేనరికపు వివాహాల వల్ల సంతానానికి జన్యుసంబంధమైన వ్యాధులు వచ్చే అవకాశం ఉన్నందున వైద్యులు వాటిని ప్రోత్సహించరు. అది వేరే సంగతి. స్త్రీ స్థానానికి సంబంధించినంతవరకు ఆ ఆచారం ఆమెకు ఒక రక్షణగా పనిచేసింది.

ఆదివాసి ప్రాంతాలు కూడ ఈ కోవలోనివే. 2011లో ఛత్తీస్‌గఢ్‌లో మొత్తం నిష్పత్తి 991, బాలల నిష్పత్తి 969. విద్యలో, ఆదాయంలో పంజాబుకంటె ఎంతో వెనుకబడిన రాష్ట్రం అది. అడవిలో, పొలంలో, సంతలో పురుషునితో సమానంగా శ్రమించే స్త్రీ అక్కడ భారం కాదు. అనేక ఆదివాసి సమాజాలలో వరుని వైపువారే ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకుంటారు. కూతురి పెళ్లి పేరుతో తండ్రి ఆస్తి అమ్ముకోవలసిన అవసరం రాదు.

అయితే పైన చెప్పిన పంటలు, బంధుత్వాలు తరతరాలుగా ఉన్నవే. గత నలభై యేళ్లలో వచ్చిన మార్పును అవి వివరించలేవు. అందుకు ఆరేళ్లలోపు బాలల లెక్కను విడిగా చూడాలి. పసిపిల్లలు పనులకై వలసపోరు. అందువల్ల ఈ లెక్కలో వలస ప్రభావం స్వల్పం. 1961లో దేశంలో వేయిమంది బాలురకు 976 మంది బాలికలున్నారు. 1991లో 945, 2001లో 927, 2011లో 919. అదే 1991–2011 మధ్యకాలంలో పెద్దలతో కలిసిన మొత్తం నిష్పత్తి 927 నుంచి 943కు పెరిగింది. పెద్ద వయస్సు స్త్రీల ఆయుర్దాయం పెరగడం వల్ల పై అంకె మెరుగుపడుతుండగా, దాని మాటున పసిపిల్లల అంకె పతనమైనది.

ఈ పతనానికి సాధనం అల్ట్రాసౌండ్ స్కానింగ్ యంత్రం. గర్భస్థ శిశువు ఆరోగ్యాన్ని పరీక్షించడానికి వచ్చిన ఆ యంత్రం శిశువు ఆడా, మగా అన్నది కూడ తెలిపింది. నేడు కొద్ది వందలు వెచ్చిస్తే రేపటి లక్షల కట్నం మిగులుతుందన్న భావం వచ్చే ప్రకటనలు 1980లలో కొన్ని నగరాలలో బాహాటంగా వెలువడినాయి. పూర్వం పుట్టిన శిశువును చంపే ఘోరం కొన్ని కులాలకు, కొన్ని ప్రాంతాలకు పరిమితమై ఉండేది. దానిని అరికట్టడానికి ఆంగ్లప్రభుత్వం 1870లోనే చట్టం చేసింది. స్కానింగ్‌కు అటువంటి హద్దులు లేవు. దానికి కావలసినది డబ్బు, దగ్గరలో ఒక ఆసుపత్రి. కనుకనే ఈ దురాచారం పేదరికంతో గాక సంపదతో పాటు వ్యాపించింది. హరితవిప్లవంతో సుసంపన్నమైన పంజాబులో 2001 నాటి బాలల నిష్పత్తి 798. ఆ రాష్ట్రంలోని ఫతేగఢ్ సాహిబ్ జిల్లాలో 766. 2011లో దేశంలోని గ్రామాలలో 923 ఉండగా పట్టణాలలో 905 మాత్రమే. చదువు, ఆదాయం పెరిగితే ఈ సమస్య దానంతట అదే తీరుతుందన్న నమ్మకాన్ని ఈ అంకెలు నిలువనీయవు.

చిన్నకుటుంబం కూడ తెలియకుండానే ఇందుకు తోడ్పడింది. ఐదారుగురు పిల్లలను కనే కాలంలో కొడుకు కోసం ఎదురుచూసే తల్లిదండ్రులకు ఎన్నో అవకాశాలుండేవి. ఇద్దరితోనే ఆపవలసి వచ్చినప్పుడు, మొదట కూతురు పుట్టిన ఇంట రెండవ కాన్పు పరీక్షగా మారుతుంది. మొదటి కాన్పులలో నిష్పత్తి సహజస్థాయికి దగ్గరగానే ఉంటుంది. తొలిచూలు ఆడపిల్ల అయిన ఇళ్లలోని మలికాన్పులలోనే అది ఎక్కువగా దిగజారుతుంది.

గర్భస్థ శిశువు లింగనిర్ధారణను నిషేధించే చట్టాన్ని పార్లమెంటు 1994లో ఆమోదించింది. 1996లో అమలులోకి వచ్చిన ఆ చట్టాన్ని 2003లో మరింత కట్టుదిట్టం చేశారు. అయినా దాని అమలు కష్టసాధ్యం. సాధారణంగా ఒక నేరంలో నష్టపోయినవారు ఫిర్యాదు చేస్తారు. ఇక్కడ అడిగినవారు, చెప్పినవారు ఇద్దరూ ఒకే పక్షం. నష్టపోయిన శిశువు ఇంకా లోకంలోకి రాలేదు. వైద్యుడు నోటితో చెప్పనక్కరలేదు, ఒక సైగ చాలు. ఇన్ని ఇబ్బందులున్నా ప్రయత్నం చేసినచోట ఫలితం కనిపించింది. పంజాబులో 798గా ఉన్న అంకె 2011 నాటికి 846కు, హర్యానాలో 819 నుంచి 834కు పెరిగినాయి. అదే దశాబ్దంలో అంతవరకు ఎవరూ అంతగా పట్టించుకోని ప్రాంతాలలో అంకె పడిపోయింది. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో 894 నుంచి 807కు దిగింది.

ఆడపిల్లలు అరుదైతే వారి విలువ పెరుగుతుందని వాదించేవారు లేకపోలేదు. హర్యానాలోని పల్లెలు ఆ వాదానికి సమాధానమిస్తాయి. పెళ్లికి పిల్ల దొరకని అక్కడి పురుషులు అస్సాం, బెంగాల్, ఒడిశా, ఝార్ఖండ్ రాష్ట్రాల పేద కుటుంబాల నుంచి డబ్బిచ్చి వధువులను తెచ్చుకుంటున్నారు. భాష తెలియని, బంధువులు లేని ఆ స్త్రీలను ‘మోల్కీ’, అంటే వెలకు కొన్నది అని పిలుస్తారు. పిల్లకు వెలకట్టినంత మాత్రాన ఆమెకు గౌరవం రాదని తెలుగువారికి కొత్తగా చెప్పనక్కరలేదు. 1892లో తొలిసారి ప్రదర్శితమైన గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటకానికి మూలవస్తువు అదే కదా! అందులో తండ్రి పుచ్చుకున్న శుల్కం పసిపిల్ల బుచ్చమ్మకు వైధవ్యాన్నే మిగిల్చింది.

దిగజారిన నిష్పత్తి తిరిగి కోలుకొన్న దేశం లేకపోలేదు. దక్షిణ కొరియాలో 1990లో నూరుగురు ఆడశిశువులకు 116 మందికి పైగా మగశిశువులు జన్మించారు. 2007 నాటికి అది 106కు, అంటే సహజస్థాయికి వచ్చింది. అక్కడ లింగనిర్ధారణపై 1987లోనే నిషేధం విధించారు. కాని చట్టమొక్కటే ఈ పని చేయలేదు. స్త్రీలు పెద్దసంఖ్యలో ఉద్యోగాలలో చేరారు. వృద్ధాప్యంలో కొడుకుపై ఆధారపడే అవసరం తగ్గింది. కుటుంబానికి పురుషుడే యజమాని అన్న పాత న్యాయవిధానం 2008లో రద్దయింది. కొడుకును కనితీరాలన్న పట్టుదల సడలిన తరువాత నిషేధంతో కూడ పని లేకపోయింది. 2024లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధాన్ని కొట్టివేసింది. చైనాలో మార్పు ఇంత వేగంగా రాలేదు. 2020 జనగణన నాటికి అక్కడ స్త్రీలకంటె పురుషులు 3 కోట్ల 49 లక్షలు ఎక్కువ.

ఇక తెలుగు రాష్ట్రాల విషయం. వరిపొలాలు, మేనరికాలు ఉన్న ఈ నేలపై ఆడపిల్లకు ఢోకా లేదన్న భావన చాలాకాలం ఉండేది. 1985 నుంచి అమలులోకి వచ్చిన చట్టసవరణతో ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు సమానహక్కు కల్పించిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. దేశమంతటా ఆ హక్కు రావడానికి 2005 వరకు పట్టింది. అయినా 1991లో ఉమ్మడి రాష్ట్రంలో 975గా ఉన్న బాలల నిష్పత్తి 2001లో 961కి, 2011లో 939కి తగ్గింది. చివరి పదేళ్లలో దేశం మొత్తం మీద తగ్గుదల 8 కాగా ఇక్కడ 22. అదే కాలంలో రాష్ట్రపు మొత్తం నిష్పత్తి 978 నుంచి 993కు పెరగడం వల్ల ఈ సంగతి చాలామంది దృష్టికి రాలేదు. ‘ఆడపిల్ల ఆడపిల్లే గాని ఈడపిల్ల కాదు’ అన్న నానుడి ఇంటింటా ఉన్నదే. దానికి కట్నం తోడైనది. పట్టణపు వీధిలో స్కానింగ్ కేంద్రం వెలసినది. ఉత్తరాదిన జరిగినదే ఇక్కడా కొంత ఆలస్యంగా మొదలైనది.

2021లో వెలువడిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వేయిమంది పురుషులకు 1020 మంది స్త్రీలున్నారని తెలిపినప్పుడు, దేశంలో స్త్రీలే అధికులైనారని పత్రికలు ప్రముఖంగా ప్రకటించాయి. అది ఎంపికచేసిన కుటుంబాలలో జరిపిన సర్వే. ఇళ్లకు దూరంగా శిబిరాలలో, వసతిగృహాలలో, కార్ఖానాలలో ఉండే పురుషులు అందులో తక్కువగా లెక్కకు వస్తారు. అంతకుముందు అయిదేళ్లలో పుట్టిన పిల్లలలో వేయిమంది బాలురకు 929 మంది బాలికలే ఉన్నారని అదే సర్వే తెలిపినా, ఆ అంకెకు అంతటి ప్రాచుర్యం రాలేదు.

2021లో జరగవలసిన జనగణన కోవిడ్ కారణంగా వాయిదా పడింది. 2027 మార్చి 1వ తేదీని ప్రామాణికంగా తీసుకొని తరువాతి లెక్క జరుపుతామని కేంద్రప్రభుత్వం 2025లో ప్రకటించింది. 2011లో ఆరేళ్లలోపు వయస్సులో ఉండి, వేయికి 939గా నమోదైన తరం ఆ తేదీ నాటికి పదహారు నుంచి ఇరవై రెండేళ్ల వయస్సులో ఉంటుంది. తెలుగు రాష్ట్రాల జూనియర్, డిగ్రీ కళాశాలల తరగతి గదులలో కూర్చునే వయస్సు అదే.